వెలుగు చూడని చుట్ట!

ఎండ కావాలి... కానీ ఎక్కువ కాకూడదు. గాలి కావాలి... కానీ దాని వెంట ఎండ రాకూడదు. వెలుతురు కావాలి... అదీ కాసేపే! క్యూబా చుట్ట కోరికలు ఇన్నీ అన్నీ కావు. పొలంలో గుడ్డ పందిళ్లు, కిటికీల్లేని కొట్టాలు, సూర్యుడి కంటపడని పెట్టెలు... ఆ దేశపు పడమటి కొస నుంచి హవానా దాకా ఎక్కడ చూసినా వెలుతురుకీ పొగాకుకీ మధ్య దాగుడుమూతలే!

జనవరి నెల. క్యూబా రాజధాని హవానా నుంచి పడమటికి రోడ్డు సాగిపోతూ ఉంటుంది. రాజతాళ వృక్షాలు, గుర్రబ్బళ్లు, అరవై డెబ్భై ఏళ్లనాటి అమెరికన్ కార్లు... ఇవన్నీ చూసుకుంటూ సుమారు 160 కిలోమీటర్లు వెళితే పినార్ దెల్ రియో పట్టణం వస్తుంది. అక్కణ్నుంచి దక్షిణం వైపు తిరిగితే సాన్ లూయిస్, సాన్ హువాన్ ఇ మార్తినెజ్ అనే రెండు చిన్న ఊళ్లు. ఎర్రటి ఇసుక నేల. నేల మీద వరస తప్పని పచ్చటి మొక్కలు. ఉన్నట్టుండి ఒకచోట ఆ పచ్చదనం మాయమైపోతుంది. దాని స్థానంలో కనుచూపుమేరా తెల్లటి గుడ్డ! ఊరంతా కలిసి పెళ్లి పందిరి వేశారా అనిపిస్తుంది.

వేసింది పందిరే. కానీ పెళ్లికి కాదు, పొగాకు మొక్కకి ఎండ తగలకుండా!

ఈ ప్రాంతాన్ని వ్వెల్తా అబాహో అంటారు. చుట్టల గురించి తెలిసినవాళ్లు ప్రపంచంలో ఎక్కడున్నా ఈ పేరు వినగానే లేచి కూర్చుంటారు. ఒకే చుట్టకి కావలసిన అన్ని రకాల ఆకులూ పండే నేల ఇది. ఇక్కడి రైతుని ‘వేగేరో’ అంటారు. అతని పొలం ‘వేగా’. వేగేరోకి నీళ్ల మీద ఎంత ధ్యాస ఉంటుందో వెలుతురు మీదా అంతే ఉంటుంది. ఏ ఆకుకి ఎంత ఎండ, ఏ రోజు ఎంత నీడ అన్నది లెక్క తప్పితే ఏడాది కష్టం బూడిదే.

పందిరి కింద పెరిగే ఆకు

చుట్టని విప్పి చూస్తే మూడు భాగాలుంటాయి. లోపల మడిచి పెట్టిన ఆకులు, వాటిని బిగించి పట్టే ఆకు, అన్నిటికీ పైన నున్నగా చుట్టిన ఆకు. ఆ పైఆకుని ‘కపా’ అంటారు. స్పానిష్‌లో ఆ మాటకి పైన కప్పుకునే వస్త్రమని అర్థం. కొనేవాడు ముందు చూసేది దాన్నే. ఒక్క మచ్చ ఉండకూడదు. ఈనెలు పైకి తేలకూడదు. రంగు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కలా ఉండాలి.

అలాంటి ఆకు బయట ఎండలో పండదు. తీక్షణమైన ఎండ పడితే ఆకు తనని తాను కాపాడుకోవడానికి దళసరిగా మారుతుంది. జిగురు పట్టేసి ఘాటెక్కుతుంది. అదే నీడలో ఉంటే దొరికిన కాస్త వెలుతురునీ అందుకోవాలని రెక్కలు చాచినట్టు వెడల్పుగా, పలుచగా విచ్చుకుంటుంది. అవిసె చెట్ల నీడన తమలపాకు తీగ పాకించే మన రైతుకి ఈ సంగతి వింతేమీ కాదు. లేత తమలపాకు నోట్లో వేసుకుంటే ఎలా కరిగిపోతుందో తెలిసినవాళ్లకి ఆ నీడ విలువ వేరే చెప్పాలా!

అందుకే ‘తపాదో’... అంటే కప్పు వేసిన సాగు. నాటిన కొద్దిరోజులకే పొలం చుట్టూ, పైనా పలుచటి గుడ్డ కట్టేస్తారు. మొక్క దాని కిందే మనిషిని మించిన ఎత్తు పెరుగుతుంది. లోపలికి అడుగుపెడితే ఆకుపచ్చని మసక వెలుగు. నీడలన్నవే కనిపించవు. వెలుతురు ఒకవైపు నుంచి కాకుండా అన్నివైపుల నుంచీ వడకట్టినట్టు వస్తుంది. ఆకు మీద ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పడితే రంగూ అలాగే తేలుతుంది మరి!

ఈ కిటుకు క్యూబా వాళ్లొక్కరిదే అనుకోనక్కర్లేదు. అమెరికాలోని కనెక్టికట్ నది లోయలో 1900 ప్రాంతంలోనే గుడ్డ డేరాల కింద పొగాకు వేయడం మొదలుపెట్టారు. మబ్బు పట్టి ఉండే సుమత్రా దీవి నుంచి వచ్చే సన్నటి ఆకు తమ ఆకుని బజార్లో ఓడించేస్తుంటే, ఆ మబ్బుల్నే గుడ్డతో తయారుచేసుకున్నారు. మార్టిన్ లూథర్ కింగ్ కాలేజీ రోజుల్లో 1944, 1947 వేసవి సెలవుల్లో కూలి డబ్బుల కోసం పనిచేసింది ఆ లోయలోని సిమ్స్‌బరీ పొగాకు పొలాల్లోనే.

మరి చుట్ట లోపలి ఆకు సంగతి? దానికి పందిరీ గిందిరీ ఏమీ ఉండవు. నిండు ఎండలోనే పెరగాలి. ఒకే మొక్కకి కింద, మధ్య, పైన కాసిన ఆకులకి మూడు పేర్లు. అడుగున ఉండి పై ఆకుల నీడన బతికేది ‘వొలాదో’. రుచి తక్కువ, కానీ చక్కగా అంటుకుంటుంది. నడుమన ఉండేది ‘సెకో’. దానిది పరిమళం. కొసన ఉండి రోజంతా సూర్యుడి ఎదుట నిలబడేది ‘లిహెరో’. ఆ మాటకి అర్థం తేలిక అని. ఘాటులో మాత్రం అన్నిటికన్నా గట్టి పిండం అదే! ఆ ఘాటు చల్లారడానికి కనీసం రెండేళ్లు నిల్వ ఉంచాకే చుట్టలోకి తీసుకుంటారు. ఒకే వేరు, ఒకే నీరు... ఎండ తేడాతో మూడు రుచులు!

సాన్ లూయిస్ దగ్గర అలెహాంద్రో రొబైనా అనే రైతు ఉండేవారు. 1919లో పుట్టి 2010లో కన్నుమూసేదాకా పొగాకే లోకంగా బతికిన పెద్దాయన. కపా ఆకు పండించడంలో ఆయన్ని మించినవారు లేరని పేరు. 1997లో ప్రభుత్వ సంస్థ ఆయన పేరు మీదే ‘వేగాస్ రొబైనా’ అని ఒక చుట్టని విడుదల చేసింది. బతికుండగానే ఒక రైతు పేరు చుట్ట పెట్టె మీదకి ఎక్కడం మామూలు గౌరవం కాదు.

కిటికీల్లేని ఇల్లు

కోసిన ఆకు ఆ పూటే చేరాల్సిన చోటు ‘కాసా దె తబాకో’... పొగాకు ఇల్లు. ఎత్తైన తాటాకు కప్పు, చెక్క గోడలు, రెండు పక్కలా పెద్ద తలుపులు. కిటికీలుండవు! చెక్కల మధ్య సందుల్లోంచి గాలి దూరితే చాలు. ఈ కొట్టాన్ని ఎటుపడితే అటు కట్టరు. కొసలు తూర్పు పడమరలకి ఉండేలా కడతారు. పొద్దున ఒక కొసకీ, సాయంత్రం ఒక కొసకీ కాస్త ఎండ తగులుతుంది. పొడవాటి గోడల మీద పగలంతా మండే ఎండ పడకుండా ఉంటుంది. వాస్తు చూసేది మనిషి కోసం కాదు, ఆకు కోసం!

లోపల ఆడవాళ్లు సూదీ దారంతో ఆకుల్ని జతలు జతలుగా కుట్టి, ‘కూహె’ అనే పొడవాటి కర్రల మీద వేలాడదీస్తారు. ఆ కర్రల్ని మొదట కింది వరసలో పెట్టి, ఆకు రంగు మారేకొద్దీ పైపైకి ఎక్కిస్తారు. ఇలా సుమారు 50 రోజులు.

ఈ 50 రోజులూ ఆకు చచ్చిపోలేదు, బతికీ లేదు. తెంపిన తర్వాత కూడా కొన్నాళ్లు దానిలో జీవం నెమ్మదిగా పనిచేస్తూనే ఉంటుంది. పచ్చదనాన్నిచ్చే పత్రహరితం విరిగిపోయి, దాని చాటున ఉన్న పసుపు బయటపడుతుంది. పిండి పదార్థం చక్కెరగా మారి ఖర్చయిపోతుంది. పసుపు పోయి గోధుమ రంగు తేలుతుంది. ఇదంతా తీరిగ్గా జరగాలి. మధ్యలో ఎండ పడిందా, ఆకు వేడెక్కి గబుక్కున ఎండిపోతుంది. లోపలి పని సగంలోనే ఆగిపోతుంది. పచ్చదనం అలాగే బిగుసుకుపోయి, మరి ఎన్నాళ్లుంచినా వదలదు. రుచి చేదు. గోరింటాకునో, కరివేపాకునో పొడి కొట్టాలంటే ఎండలో కాకుండా నీడపట్టున ఆరబెట్టే మన ఇంటి ఆడవాళ్లకి తెలిసిన సూత్రమే అటూ ఇటూగా ఇది. తేడా ఏమిటంటే మనం పచ్చదనం పోకూడదని నీడన ఆరబెడతాం. వాళ్లు పచ్చదనం పూర్తిగా పోవాలని!

ప్రకాశం జిల్లాలో వర్జీనియా పొగాకు పండించే రైతుది వేరే దారి. అక్కడ ఆకుని బ్యారన్‌లోకి ఎక్కించి, గొట్టాల్లోంచి వేడి పంపి వారం రోజుల్లోపే పసుపు పచ్చగా దింపేస్తారు. సిగరెట్టుకి కావలసింది ఆ తియ్యదనం. చుట్టకి కావలసింది ఈ నిదానం. అందుకే సాన్ లూయిస్ రైతు పొయ్యిని నమ్ముకోడు. గాలి తడిగా ఉంటే తలుపులు తెరుస్తాడు. పొడిగాలి వీస్తే మూసేస్తాడు. ఎండ ఏటవాలుగా లోపలికి దూరే వేళకి మళ్లీ వచ్చి చూసుకుంటాడు. ఇంట్లో పసిబిడ్డ ఉంటే ఎలా తిరుగుతామో అలా తిరుగుతాడు.

అక్కడితో చీకటివాసం అయిపోతుందా? లేదు. ఆరిన ఆకుని గుట్టలుగా పేర్చి మాగబెడతారు. ఆ గుట్టలోనే వేడి పుట్టి, అమ్మోనియా వాసన వదిలి, ఆకు మెత్తబడుతుంది. ఆ తర్వాత కపా ఆకుని ‘తెర్సియో’ అనే మూటల్లో కట్టి గోదాములకి చేరుస్తారు. ఆ మూట దేనితో కడతారనుకున్నారు? రాజతాళ వృక్షపు పట్టతో! మన దగ్గర వక్కచెట్టు పట్టతో పళ్లేలు, దొన్నెలు చేస్తారు కదా, అలాంటిదే. అందులో ఆకు నెలలూ సంవత్సరాలూ పడుకుంటుంది. చొక్కాకి బొత్తాలు పెట్టినంత బందోబస్తుగా కట్టిన ఆ పట్ట మూటలోకి గాలి కొద్దికొద్దిగా వెళుతుంది. వెలుతురు మాత్రం వెళ్లదు.

వెలుతురు కావాల్సిన ఒకే ఒక్క గది

హవానాలోని చుట్టల ఫ్యాక్టరీలు చూసినవాళ్లకి ఒక అనుమానం వస్తుంది. ఇంతదాకా ఎండంటే పడని ఆకుకి ఇంతింత పెద్ద కిటికీలెందుకని! పొగాకు కోసం కాదు, మనుషుల కళ్ల కోసం. చుట్టలు చుట్టే హాలుని ‘గలేరా’ అంటారు. బడిపిల్లల బల్లల్లా వరసలుగా వేసిన బల్లల ముందు కార్మికులు కూర్చుంటారు. చేతిలో ‘చవేతా’ అనే చంద్రవంక కత్తి. దానితో ఆకు అంచు కోసి, తడి ఆరకముందే చుట్టేయాలి. ఒక వేదిక మీద కూర్చుని మరో మనిషి పొద్దున పేపరు, ఆ తర్వాత నవల చదివి వినిపిస్తుంటాడు. 1865లో హవానాలోని ‘ఎల్ ఫిగారో’ ఫ్యాక్టరీలో మొదలైన పద్ధతి ఇది. అలా వినీ వినీ కార్మికులు మనసు పారేసుకున్న నవల పేరే 1935లో ‘మోంతెక్రిస్తో’ చుట్టకి పెట్టారని అంటారు.

ఇంతకన్నా ముచ్చటైన గది ఇంకొకటుంది. రంగులు వేరుచేసే గది! బల్ల మీద వందల చుట్టలు కుప్పగా పోసి ఉంటాయి. కొత్తవాళ్లకి అన్నీ ఒకే గోధుమ రంగు. అక్కడి పనివాళ్లకి మాత్రం వాటిలో అరవైకి పైగా ఛాయలు కనిపిస్తాయి. లేత తేనె రంగు, ఎండిన మట్టి రంగు, ఎరుపు దాచుకున్న గోధుమ, చాక్లెట్టు... ఒక ఛాయవి ఒకచోట చేర్చి, ఆ తర్వాత పెట్టెలోకి వేసే మనిషికి ఇస్తారు. ఆ మనిషి మళ్లీ పరీక్షగా చూసి, ముదురు రంగుది ఎడమ పక్కన మొదలుపెట్టి కుడి పక్కకి లేత రంగు వచ్చేలా పేరుస్తాడు. పెట్టె మూత తీసినప్పుడు వాటి మధ్య తేడా కనిపించీ కనిపించకుండా ఉండాలి. మన చీరల దుకాణంలో జాకెట్టు గుడ్డ రంగు కలిసిందో లేదో చూడటానికి వీధి గుమ్మం దాకా తీసుకెళ్లి చూస్తారే, అదిగో ఆ వెలుతురు కావాలి ఇక్కడ. మిట్టమధ్యాహ్నపు ఎండ కాదు, సాయంత్రపు పసుపు కాదు. నిలకడగా ఉండే తెల్లటి వెలుతురు. మసక వెలుగులో వేరుచేసిన పెట్టె బయటికెళ్లి తెరిస్తే గుట్టు రట్టవుతుంది!

పొలం నుంచి పెట్టె దాకా సాగే ప్రయాణంలో చుట్ట మనిషి కళ్ల ముందు నిండుగా వెలుతురులో నిలబడేది ఈ ఒక్కసారే. పెళ్లిచూపుల్లాంటిది. అవగానే మళ్లీ లోపలికి!

ఎండ పడితే ఏమవుతుంది?

పెట్టెలో పెట్టేముందు చుట్టల్ని ‘ఎస్కపరాతె’ అనే చల్లటి బీరువాల గదిలో కొన్నాళ్లు విశ్రాంతిగా ఉంచుతారు. ఆ తర్వాతే దేవదారు పెట్టె. పేరుకి దేవదారు గానీ నిజానికి ఆ చెట్టు మన వేపకి చుట్టం, ఒకే కుటుంబం. దాని వాసన చుట్టకి సరిపడుతుంది. తేమని పీల్చి, మళ్లీ ఇస్తుంది. అన్నిటికీ మించి మూత వేస్తే లోపల చిమ్మచీకటి. మూత మీద ఆకుపచ్చ, తెలుపు రంగుల్లో ప్రభుత్వ ముద్ర.

క్యూబా నుంచి బయటికి వచ్చిన పెట్టె ఇక ఎవరి చేతిలో పడుతుందో తెలియదు. అసలు కష్టాలు మొదలయ్యేది అప్పుడే. హోటలు గదిలో కిటికీ పక్కన పెట్టేవాళ్లు, కారు అద్దం దగ్గర వదిలేసేవాళ్లు, అందంగా ఉంటుందని అద్దాల బీరువాలో పెట్టి ఎండ పడే గోడకి ఆనించేవాళ్లు... రెండేళ్ల శ్రమకి రెండు మధ్యాహ్నాలు చాలు.

చుట్ట నిల్వకి 16 నుంచి 18 డిగ్రీల చల్లదనం, గాలిలో 65 నుంచి 70 శాతం తేమ మేలని చెబుతారు. ఎండ ముందుగా దెబ్బతీసేది ఈ లెక్కనే. పెట్టె వేడెక్కితే లోపలి గాలికి దాహం పెరుగుతుంది. ఆ దాహం తీర్చుకోవడానికి ఆకులోని తేమని లాగేస్తుంది. పైన ఉన్న కపా ఆకు ఉల్లిపొర అంత పలుచన కనుక ముందు అదే ఎండి కుంచించుకుపోతుంది. లోపలి ఆకు ఇంకా తడిగానే, ఉబ్బుగానే ఉంటుంది. ఇద్దరికీ పొత్తు కుదరక కపా చిట్లుతుంది. అయ్యో అని మళ్లీ తేమ పట్టిస్తే లోపలి ఆకు ఉబ్బి ఇంకోచోట పగులుతుంది. తేమంటే మళ్లీ వస్తుంది గానీ, వేడికి ఎగిరిపోయిన పరిమళం మళ్లీ రాదు.

రెండోది రంగు. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు రంగుని విరగ్గొడతాయి. కిటికీ పక్కన అల్మరాలో ఉన్న పుస్తకాల వీపులు వెలిసిపోవడం, గోడ మీద పటం తీస్తే దాని కింద సున్నం రంగు వేరుగా కనిపించడం అందరూ చూసిందే. ఎండలో పడి ఉన్న చుట్టకి కూడా పైకున్న వైపు పాలిపోయి, కిందివైపు మామూలుగా ఉంటుంది. అరవై ఛాయలు వేరుచేసిన ఆ కళ్ల కష్టం గోవిందా! అద్దం అడ్డుంది కదా అనుకోవడానికి లేదు. మామూలు కిటికీ అద్దం కొన్ని కిరణాల్ని ఆపినా, చాలావాటిని లోపలికి వదిలేస్తుంది. పైగా లోపల పుట్టిన వేడిని బయటికి పోనివ్వదు. పచ్చగా ఉండేలా వేడితో గబగబా ఆరబెట్టే ‘కందేలా’ రకం చుట్టలైతే మరీ సున్నితం. వాటి పచ్చదనమంతా పత్రహరితమే కనుక వెలుతురుకి త్వరగా వెలిసిపోతుంది.

మూడోది పురుగు. ఎండుమిర్చినీ, పసుపు కొమ్ముల్నీ తొలిచే గోధుమరంగు చిన్న పెంకుపురుగు మన గృహిణులకి తెలిసిందే. అదే పురుగు పొగాకుకీ శత్రువు. చల్లగా ఉన్నంతకాలం గుడ్లు గుడ్లుగానే ఉంటాయి. వెచ్చబడితే పొదిగి, చుట్టకి గుండుసూది మొనంత కన్నాలు పెడతాయి. అందుకే ఎగుమతికి ముందు చుట్టల్ని గడ్డకట్టే చలిలో ఉంచి పురుగుని చంపుతారు.

అలాగని దీపం వేస్తేనే చుట్ట పాడైపోతుందని భయపడాల్సిందేమీ లేదు. గదిలో మామూలు దీపం కాసేపు వెలిగితే వచ్చే నష్టం అంతంతమాత్రమే. అసలు దోషి నేరుగా పడే ఎండ. ఆ తర్వాత, రాత్రింబవళ్లు దగ్గర్నుంచి వెలిగే వేడి దీపాలు. అందుకే శ్రద్ధగల దుకాణాల్లో అద్దం వెనక ఒకటో రెండో పెట్టెలే తెరిచి ఉంచి, సరుకంతా మూతలు బిగించి లోపలి గదిలో దాస్తారు. పట్టుచీరని బీరువాలో, మెత్తటి నూలుగుడ్డలో చుట్టి పెట్టే అమ్మమ్మల జాగ్రత్తే ఇదీ.

ఆ పెట్టె ఖరీదు తెలిస్తే ఈ జాగ్రత్త ఎక్కువేమీ అనిపించదు. పాతిక చుట్టల పేరున్న పెట్టె ఒక్కటి, దాన్ని చుట్టిన కార్మికుడి నెల జీతానికి ఎన్నో రెట్లు.

చీకటిని ఎత్తుకెళ్లిన తుపాను

2022 సెప్టెంబరు 27న ఇయాన్ తుపాను పినార్ దెల్ రియోని తాకింది. గంటల వ్యవధిలో వేల పొగాకు కొట్టాలు కూలిపోయాయి. రొబైనా కుటుంబం పొలంలోనూ అదే దృశ్యం. గోదాముల కప్పులు లేచిపోయి నిల్వ ఉన్న ఆకు తడిసింది. అప్పటికి ఇంకా నాట్లు పడలేదు. భూమి ఉంది, నారు పోసుకోవచ్చు. కానీ పండించిన ఆకుని దాచడానికి నీడే లేదు! ఎండా గాలీ ఉచితంగా దొరికే ఆ దేశంలో రైతులు ముందుగా కట్టుకోవాల్సి వచ్చింది చీకటిని. మేకులు దొరక్క, రేకులు దొరక్క, కూలిన పాత చెక్కల్నే ఏరుకుని మళ్లీ కొట్టాలు నిలబెట్టారు. ఆ ఏడాది సాగు బాగా తగ్గిపోయింది.

విచిత్రమేమిటంటే అదే తుపానుకి దేశమంతటా కరెంటు పోయింది. 2024 అక్టోబరులో మరోసారి క్యూబా విద్యుత్ వ్యవస్థ మొత్తం కుప్పకూలింది. ఆ తర్వాతా అలాంటివి జరిగాయి. అంటే, చుట్టకి చీకటి కావాల్సిన చోట చీకటి లేదు. వెలుతురు కావాల్సిన చోట వెలుతురు లేదు. పాతకాలపు ఫ్యాక్టరీల్లో అంతెత్తు కిటికీలు ఎందుకు పెట్టారో అలాంటి రోజుల్లో బాగా అర్థమవుతుంది.

గోదావరి లంకల్లో...

చుట్ట అంటే మనకీ పరాయిదేం కాదు. ఇంగ్లిషు నిఘంటువుల్లో చుట్టకి ఉన్న ‘చెరూట్’ అనే మాట దక్షిణాది భాషల్లోని ‘చురుట్టు’ నుంచే వెళ్లింది. ఏటా వరద తెచ్చిపోసే ఒండ్రు మీద గోదావరి లంకల్లో పండే లంక పొగాకు చుట్టలకే పెట్టింది పేరు. ఒకప్పుడు ఓడలెక్కి బర్మా దాకా వెళ్లింది. ‘కన్యాశుల్కం’లో గిరీశం నోట చుట్ట మీద పద్యమే చెప్పించారు గురజాడ. తాటాకింటి చూరులో దోపుకున్న పొగాకు కాడ, మొలలో చెక్కుకున్న రేకు డబ్బా గుర్తున్న తాతలు ఇంకా అక్కడక్కడా ఉన్నారు. చూరు కింద నీడ, రేకు డబ్బాలో చీకటి... క్యూబా వాళ్లు దేవదారు పెట్టెతో చేసిందే వీళ్లు తమకున్న దానితో చేశారు.

అయితే నీడన పెరిగినా, ఎండన పెరిగినా పొగాకు పొగాకే. చుట్ట పొగ లోపలికి పీల్చకపోయినా నోటికీ, గొంతుకీ క్యాన్సర్ ముప్పు తప్పదు. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట తాగే అలవాటు ఎందరో ఆడవాళ్ల అంగిలిని దెబ్బతీసింది. చుట్ట లేకుండా ఫొటోలో కనిపించని ఫిడెల్ కాస్ట్రో సైతం, పొగ మానమని తన ప్రజలకి చెప్పడానికి 1985లో తానే ముందు మానేశారు. చుట్టని చూసి ఆనందించవచ్చు, దాని వెనక ఉన్న చేతులకి దండం పెట్టవచ్చు. అంటించకపోతేనే మంచిది!

చూసి రావాలంటే

వ్వెల్తా అబాహో పొలాల్లో తెల్లటి పందిళ్లు చూడాలంటే జనవరి నుంచి మార్చి దాకా మంచి కాలం. ఒకవైపు కోతలు సాగుతుంటాయి, మరోవైపు కొట్టాలు నిండుతుంటాయి. పినార్ దెల్ రియోకి ఉత్తరాన వినియాలెస్ లోయ ఉంది. పొలాల మధ్య నిట్టనిలువుగా లేచిన సున్నపురాతి గుట్టలతో అబ్బురంగా ఉండే ఈ లోయకి 1999లో యునెస్కో వారసత్వ గుర్తింపు దక్కింది. అక్కడి రైతులు పండించిన ఆకులో దాదాపు 90 శాతం ప్రభుత్వానికి ఇచ్చేసి, మిగిలినదానితో చుట్టలు చేసి వచ్చినవాళ్లకి చూపిస్తుంటారు. భారత్ నుంచి హవానాకి నేరుగా విమానం లేదు. వేరే దేశాల మీదుగా వెళ్లాలి. ఇంధనం కొరత, కరెంటు కోతలు ఉంటున్నాయి కనుక అన్నీ కనుక్కుని బయల్దేరడం మేలు.

కొట్టంలోకి ఎవరైనా తీసుకెళితే మాత్రం ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. లోపలికి వెళ్లగానే వెనక తలుపు దగ్గరగా వేయాలి. అక్కడ అతిథి మర్యాద అంటే అదే!